నా మెడ గడ్డ గోలీల వల్ల రాలేదు

శ్రావణ పున్నమి నాడు మార్కండేయుని రథం చూసి ఇంటికి వస్తున్నం. మా లైన్‌లో మూడో ఇంటి మరదలు నా పక్కన నడుస్తూ మెల్లగ అన్నది, "అక్కా, నేను ఆ థైరాయిడ్ గోలీలు బంద్ చేసిన. నువ్వు పద్నాలుగేండ్లు తిన్నవు. ఆఖరుకు నీకు ఏమైందో మేమంత చూసినం గదా."

అడిగితే తెలిసింది, ఆమె ఒక్కతే కాదు. ఇంకో ఇద్దరు కూడ మానేసిండ్రు. నేను థైరాయిడ్ గోలీ తినేదాన్ని, నాకు మెడలో క్యాన్సర్ వచ్చింది, కాబట్టి గోలీ వల్లనే క్యాన్సర్ వచ్చిందని లెక్క కట్టిండ్రు. వాళ్ల తప్పేం లేదు. నేను ఆరు నెలలు నెత్తి మీద కొంగు కప్పుకొని, ఎవరికీ ఏమీ చెప్పకుండ ఇంట్ల కూసున్న. చెప్పకపోతే ఎవరి లెక్క వాళ్లు కట్టుకుంటరు. ఆ లెక్క తప్పని చెప్పడానికే ఇది రాస్తున్న. చదివింది నాలుగో తరగతి వరకే, చేసింది షోలాపూర్ చాదర్ల కార్ఖానాలో కండెలు చుట్టే పని. డాక్టర్లను నేను మళ్లీ మళ్లీ అడిగి, కొడుకుతో రాయించి పెట్టుకున్న కాయితాల నుంచి రాస్తున్న.

మొదట గోలీ సంగతి. మెడ ముందర, గొంతు గొట్టానికి రెండు దిక్కుల సీతాకోకచిలుక రెక్కల లెక్క ఒక గ్రంథి ఉంటది, అదే థైరాయిడ్. అది తీసే రసం ఒళ్లంత తిరిగి ఒంటి వేడిని, గుండె వేగాన్ని, కడుపులో అరుగుదలను నడిపిస్తది. రసం తక్కువైతే మనిషి మందమైతడు. చలి తట్టుకోలేం, మలబద్ధకం, ముఖం ఉబ్బు, జుట్టు రాలుడు, ఎంత పండుకున్నా తీరని అలసట. నాకు పెద్దబిడ్డ పెండ్లి అయిన ఏడాది ఇవన్నీ వచ్చినయి. పెండ్లి పనుల అలసట అనుకున్న. రెండో షిఫ్టులో కండెలు మారుస్తూ నిలబడే కునికిపాట్లు పడితే, జాబర్ నాకు చూపెట్టి నవ్విండు. రక్త పరీక్షలో టీ.ఎస్.హెచ్. చాలా ఎక్కువ వచ్చింది. అది ఎక్కువుంటే గ్రంథి తక్కువ పని చేస్తున్నట్టు. తల దగ్గర ఉండే ఇంకో చిన్న గ్రంథి "పని చెయ్యి, పని చెయ్యి" అని అరుస్తున్నదన్న మాట.

మనం మింగే గోలీ పేరు లెవోథైరాక్సిన్. గ్రంథి తీసే రసమే అది, గోలీ రూపంలో. ఇంటి మగ్గం ఆగితే బజారు నుంచి అదే చాదర్ కొని కప్పుకున్నట్టు. కొత్త పదార్థం ఏదీ ఒంట్లోకి పోదు. దాని వల్ల ఈ క్యాన్సర్ రాదు. ఇంకో సంగతి, నేను మొదటి మూడేండ్లు ఆ గోలీని చాయ్‌తో వేసుకున్న, దాంతో పాటే రక్తం గోలీ కూడ. టీ.ఎస్.హెచ్. ఎన్నడూ కుదురుకోలేదు. పరగడుపున నీళ్లతో వేసుకొని, అరగంటో గంటో ఆగి చాయ్ తాగాలె. ఇనుము, కాల్షియం గోలీలకు నాలుగు గంటలు ఎడం ఉండాలె. ఈ సంగతి నాకు అప్పుడు ఎవ్వరూ చెప్పలేదు.

మరి గ్రంథి ఎందుకు ఆగింది? నా కాయితంలో "హషిమోటో" అని రాసి ఉండె. ఇదేం మందు అని మా ఆయన అడిగిండు. మందు కాదు, మనిషి పేరు. జపాన్‌లో హకారు హషిమోటో అనే కుర్ర డాక్టర్ 1912లో నలుగురు ఆడవాళ్ల మెడ గడ్డల గురించి ఒక జర్మన్ పత్రికలో రాసిండు. ఆ గడ్డలను కోసి చూస్తే లోపల గ్రంథి కణాల కంటె తెల్ల రక్త కణాలే ఎక్కువ కనబడ్డయంట. ఎందుకు వచ్చి చేరినయో అప్పుడు ఎవ్వరికీ తెల్వదు. ఆయన తర్వాత ఊరికి పోయి తండ్రి తాతల లెక్క వైద్యం చేసుకుంటూ 1934లో టైఫాయిడ్‌తో చనిపోయిండు. 1956లో గానీ లండన్ డాక్టర్లకు సంగతి దొరకలేదు. మన ఒంటిని కాపాడవలసిన తెల్ల కణాలే మన థైరాయిడ్‌ను పరాయిదనుకొని కొడుతున్నయి. దొంగల కోసం పెట్టుకున్న గుర్ఖా, ఇంటి మనుషులనే కొట్టినట్టు. ఇది ఆడవాళ్లకే ఎక్కువ, ఇంట్ల ఒకరికుంటే అక్కచెల్లెండ్లకు, బిడ్డలకు కూడ వచ్చే అవకాశం ఉంటది. మా అవ్వకు మెడ లావుగుండేది. అప్పుడు ఎవరు చూపించిండ్రు.

ఇక నా క్యాన్సర్. దీన్ని థైరాయిడ్ లింఫోమా అంటరు. ఇది థైరాయిడ్ కణాల నుంచి పుట్టేది కాదు. ఆ వచ్చి చేరిన తెల్ల కణాల నుంచి పుడతది. నాకు ఇది అర్థమైంది చాదర్ల అట్టలతోనే. జకార్డు మీద డిజైన్ అట్టలు తిరుగుతుంటయి గదా, అట్టలో ఎక్కడ చిల్లు ఉంటే అక్కడ పోగు లేస్తది. ఒక అట్టలో ఒక్క చిల్లు తప్పు పడితే, ఆ తప్పు ఆ చాదర్‌తో ఆగదు. ఎవరన్నా చూసి సాంచ ఆపేదాక వచ్చే ప్రతి చాదర్‌లో అదే తప్పు పడతది. థైరాయిడ్‌లో మామూలుగా తెల్ల కణాలు ఉండవు. హషిమోటో ఉన్నోళ్లకు అవి ఏండ్ల తరబడి అక్కడే ఉండి, ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతనే ఉంటయి. ఎన్నిసార్లు అచ్చు తీస్తే తప్పు పడే సందు అంత ఎక్కువ. ఎప్పుడో, ఎవరికో ఒక కణం తప్పు అచ్చు పడి, అదే అచ్చుతో లక్షలు పుడతయి.

ఎప్పుడో ఎవరికో అని ఊరికే అనలేదు. హషిమోటో లేనోళ్ల కంటె ఉన్నోళ్లకు ఈ జబ్బు అరవై, డెబ్బై రెట్లు ఎక్కువ వస్తదని పెద్ద డాక్టర్ చెప్పినప్పుడు నా బిడ్డ ముఖం తెల్లబోయింది. ఆమెకూ హషిమోటో ఉంది మరి. అది చూసి ఆయన వెంటనే అన్నారు, "రెట్లు చూసి భయపడొద్దు. అసలు జబ్బే పది లక్షల మందిలో ఏడాదికి ఒకరిద్దరికి వస్తది. దాన్ని ఎన్ని రెట్లు చేసినా చిన్న సంఖ్యే. హషిమోటో ఉన్న వెయ్యి మందిని నిలబెడితే తొమ్మిది వందల తొంభై మందికి పైగా ఇది ఎన్నడూ రాదు." థైరాయిడ్‌లో వచ్చే క్యాన్సర్లన్నిట్లో కూడ ఇది వందకు ఐదు మించదు. వచ్చేది ఎక్కువగా అరవై దాటిన ఆడవాళ్లకే, అదీ హషిమోటో ఎన్నో ఏండ్లుగా ఉన్నోళ్లకు. నా వయసు, నా లెక్క సరిగ్గ అందులోనే పడ్డది.

నాకు దసరా తర్వాత మొదలైంది. పద్నాలుగేండ్లుగా నా మెడ ముందర కొంచెం గట్టిగ, కొంచెం లావుగ ఉండేదే. అది పెరగలేదు, తగ్గలేదు. ఆ దసరా తర్వాత నల్లపూసల దండ మెడకు పట్టేసినట్టయింది. దీపావళికి గొంతు మారింది. ఫోన్‌ల మాట్లాడితే చెల్లెలు, "ఎవరు, బావనా?" అని అడిగింది. నవ్వుకున్నం. కార్తీకంలో కడక్ భాకరీ మింగుడు పడక, చారులో నానబెట్టుకొని తిన్న. తర్వాత పండుకుంటే ఊపిరాడదు. రెండు మెత్తలు పెట్టుకొని, తర్వాత గోడకు ఆనుకొని కూసోనే నిద్ర. ఊపిరి తీస్తే గొంతులో సన్నగ ఈల. దసరా నుంచి అక్కడిదాక మొత్తం ఏడు వారాలు. నొప్పి మాత్రం లేదు. నొప్పి లేదనే నేను ఊకున్న.

అప్పటికే ఒక డాక్టర్‌కు చూపించిన. పేరు రాయను. ఆయన మెడ మీద చెయ్యి వెయ్యలేదు. రక్త పరీక్ష కాయితం చూసి, "థైరాయిడ్ పెరిగింది" అని గోలీ డెబ్బై ఐదు నుంచి వంద చేసి నెల ఆగి రమ్మన్నడు. రక్తంలో టీ.ఎస్.హెచ్. పెరగడం వేరు, మెడలో గడ్డ పెరగడం వేరు. రెండింటినీ మనం "థైరాయిడ్ పెరిగింది" అనే అంటం. ఆ ఒక్క మాట దగ్గర నాకు నెల పోయింది.

రెండో చోట సన్న సూదితో గడ్డలో నుంచి కొంచెం తీసి పరీక్ష చేసిండ్రు. రిపోర్టు హషిమోటో అనే వచ్చింది, క్యాన్సర్ అని రాలేదు. ఇంట్ల అందరం కొబ్బరికాయ కొట్టినం. కానీ గడ్డ పెరుగుడు ఆగలేదు. చివరకు సివిల్ దవాఖానలో ఒక పెద్ద సర్జన్ మెడ చుట్టూ వేళ్లతో చూసి, నా ఊపిరి విని, ఒకటే అడిగిండు, "ఎన్ని ఏండ్లుగా ఉంది, ఎన్ని వారాలుగా పెరుగుతున్నది?" చెప్పినం. "పాత హషిమోటో గడ్డ వారాల్లో పెరిగితే రిపోర్టు ఏది చెప్పినా నమ్మొద్దు. లావు సూదితో ముక్క తియ్యాలె" అన్నడు.

సన్న సూదికి ఎందుకు దొరకలేదని నా కొడుకు అడిగిండు. సన్న సూదిలో విడివిడి కణాలు వస్తయి. హషిమోటోలో కనబడేవీ తెల్ల కణాలే, లింఫోమాలో కనబడేవీ తెల్ల కణాలే. విడిగ చూస్తే తేడా తెల్వకపోవచ్చు. నాలుగు పోగులు చేతిలో పెడితే అది ఏ డిజైన్ చాదరో ఎవరన్నా చెప్తరా? గుడ్డ ముక్క కావాలె. ముక్కను కోసి, రకరకాల రంగులు వేసి, ఆ కణాలన్నీ ఒకే అచ్చువా కాదా అని చూస్తరు. దానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులు మాకు ఇంకో భయం. వారాల్లో పెరిగే థైరాయిడ్ గడ్డల్లో ఇంకో రకం ఉంది, అనాప్లాస్టిక్ అంటరు. అది చాలా చెడ్డది, ఏ మందుకూ సరిగ్గ లొంగదు. పైకి రెండూ ఒక్క తీరే కనబడతయి. నా ముక్క అచ్చులను కొడుకు రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్‌లో ముంబయి పరేల్‌కు, 1941 నుంచి ఉన్న ఆ టాటా దవాఖానకు తీసుకపోయి ఇంకోసారి చూపించిండు. లింఫోమా అనే చెప్పిండ్రు. సర్జన్ మా ఆయనతో, "క్యాన్సరే. కానీ దొరికిన రెండింట్ల మంచిది. ఇది మందుకు కరుగుతది. కోసే పని లేదు" అన్నడు. క్యాన్సర్ అని విని మా ఆయన దండం పెట్టి బయటికి వచ్చిండు. చూసినోళ్లకు పిచ్చి లేచిందనిపించి ఉంటది.

కోతలేమి అన్నది మా చుట్టాలకు నచ్చలేదు. గడ్డను తీసెయ్యకుండ ఎట్ల పోతదని ఒకటే గొడవ. లింఫోమా తెల్ల కణాల జబ్బు, ఒళ్లంత తిరిగే జాతి. అందుకే మందు ఒళ్లంత తిరగాలె. ముందు మెడ, ఛాతీ, కడుపు స్కానింగు, నడుము ఎముకలో సూది, గుండెకు ఎకో, కామెర్ల బీ రకం పరీక్ష చేసిండ్రు. జబ్బు మెడలో, పక్క గడ్డల్లోనే ఉంది. ఇరవై ఒక్క రోజులకొకసారి చొప్పున ఆరు సార్లు మందు ఎక్కించాలన్నరు. సూదులు నాలుగు రకాలు, వాటితో పాటు ఐదు రోజులు మింగే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ గోలీలు. ఆ గోలీలు మొదలుపెట్టిన నాలుగో రాత్రి నేను మెత్త మీద తల పెట్టి పండుకున్న. నెలన్నర తర్వాత. మా ఆయన నిద్ర లేకుండ కూసొని నా ఊపిరి విన్నడంట.

ఆ సూదుల్లో ఒకటి రిటుక్సిమాబ్. మొదటిది అమెరికాలో 1997లో వచ్చింది, చాలా ఖరీదు. 2007లో మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ కంపెనీ అదే రకం మందును రెడిటక్స్ పేరుతో తక్కువ ధరకు తెచ్చింది. అది ఈ తెల్ల కణాల మీద ఉండే ఒక గుర్తును పట్టుకొని వాటినే చంపుతదంట. మొదటిసారి ఎక్కించినప్పుడు దంతాలు కొట్టుకునేంత చలి పుట్టింది. నర్సమ్మ చుక్కలు తగ్గించి, సూది వేసింది, తగ్గింది. ఇంకోటి ఎర్ర మందు. అది ఎక్కించిన నాడు మూత్రం ఎర్రగ వస్తది, రక్తం అనుకొని భయపడొద్దు. జుట్టు రాలేది దాంతోనే. మూడోది విన్‌క్రిస్టిన్. అది మన వాకిట్లో పూసే బిళ్ళ గన్నేరు నుంచి తీసిన మందు, ఇక్కడ సదాఫులీ అంటరు గదా, అదే. ఈ ముక్క తెలిసినంక పక్కింటి వదినె ఆ ఆకు కషాయం కాచి తెచ్చింది. డాక్టరమ్మ బాగ కోప్పడ్డది. బండ్లకొద్ది ఆకు నుంచి చిటికెడు మందు వస్తది, కొలత తప్పితే విషం, ఆకు నమలొద్దు, కషాయం తాగొద్దు అన్నది. ఆ మందుకు నా వేళ్ల కొసలు మొద్దుబారినయి. ఇరవై ఎనిమిదేండ్లు తెగిన పోగును కండ్లు మూసుకొని ముడి వేసిన చెయ్యి, జాకెట్ గుండీ పెట్టుకోలేకపోయింది. ఇప్పటికి సగం తిరిగి వచ్చింది.

రెండోసారి మందు ఎక్కించిన పదో రోజు రాత్రి జ్వరం వచ్చింది. పొద్దున చూద్దాంలే అన్న. చిన్నోడు వినలేదు. జ్వరం 100.4 దాటితే ఏ వేళ అయినా రమ్మని కాయితం మీద రాసిచ్చిండ్రు. రాత్రి రెండింటికి రిక్షాలో తీసుకపోయిండు. తెల్ల కణాలు అడుగంటినయి, ఇంకో పూట ఆగితే ఏమయ్యేదో అన్నరు. ఐదు రోజులు పెట్టుకున్నరు. ఆరు సార్లూ అయినంక మెడకు కరెంటు పెట్టిండ్రు, ముఖానికి జాలీ ముసుగు బిగించి, పదిహేడు రోజులు. గొంతు పుండై, జొన్న అంబలి మీదనే బతికిన.

డబ్బు సంగతి అందరూ అడుగుతరు. పసుపు రేషన్ కార్డు మీద మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజనలో మందు, కరెంటు రెండూ అయినయి. దవాఖానలో ఆరోగ్య మిత్ర అని ఒక మనిషి బల్ల వేసుకొని కూసుంటడు. రేషన్ కార్డు, ఆధార్, రిపోర్టులు ఆయనకు ఇచ్చి, మంజూరు వచ్చినంకే చేరాలె. ముందే చేరి డబ్బు కట్టినోళ్లు తర్వాత ఏడుస్తుంటే చూసిన. ముక్క పరీక్ష, పుణెలో తీసిన పెద్ద స్కాన్, ముంబయి తిరుగుడు మాత్రం మా మీదనే పడ్డయి. కమ్మలు, రెండు గాజులు కుదువల ఉన్నయి ఇంకా. మన జిల్లాల బార్షీలో నర్గీస్ దత్ పేరు మీద క్యాన్సర్ దవాఖాన ఉందని కూడ చాలామందికి తెల్వదు, అందుకే రాస్తున్న.

నా బిడ్డ అడిగిన మాట మిగిలింది. "అమ్మా, నాకు కూడ వస్తదా?" డాక్టరమ్మ ఆమె మెడ చూసి, స్కానింగు తీసి, గడ్డ ఏమీ లేదన్నది. ప్రతి నెల స్కానింగులు తీసుకుంట తిరిగే పని లేదు. గోలీ రోజూ వేసుకోవాలె, డాక్టర్ చెప్పిన గడువుకు రక్తం చూపించుకోవాలె, అద్దం ముందర నిలబడి గుటక మింగుతూ మెడ చూసుకోవాలె. మెడ కొద్ది వారాల్లో పెరిగినా, గొంతు మారి తిరిగి రాకపోయినా, మింగుడు ఆగినా, పండుకుంటే ఊపిరాడకపోయినా అదే వారంలో రావాలె. ఊపిరిలో ఈల వినబడితే మాత్రం ఆ గంటలోనే. వచ్చి "థైరాయిడ్ పెరిగింది" అని కాదు, "మెడ గడ్డ పెరుగుతున్నది" అని చెప్పాలె.

గోలీ నేను ఇప్పుడు కూడ వేసుకుంటున్న. జబ్బుకు, కరెంటుకు గ్రంథి పూర్తిగ పోయింది, బతికినన్ని రోజులు గోలీ తప్పదు. ఈ ముక్క చెప్తే మరదలికి నమ్మకం కుదిరింది. మానేసిన రెండు నెలల్లో ఆమె ముఖం ఉబ్బి, పట్టపగలు బీడీలు చుడుతూ చుడుతూ నిద్రపోయేది. నేను దగ్గరుండి రక్తం తీయించిన. డాక్టర్ అడిగి మళ్లీ మొదలుపెట్టింది. రెండో ఆమెను వాళ్ల కోడలే బలవంతం చేసి మొదలుపెట్టించింది.

మూడో ఆమె ఇంకా మొదలుపెట్టలేదు. నేను పోతే చాయ్ పోస్తది, నా జుట్టు బాగ వచ్చిందంటది, గోలీ మాట ఎత్తితే లేచి పొయ్యి దగ్గరకు పోతది. రేపు పొద్దున బిడ్డను కూడ వెంటబెట్టుకొని మళ్లీ పోత.